వైద్యుడు వచ్చులోపల

గత వానకాలములో ధ్వనిముద్రణ పనిమీద మేము అనంతగిరి ఘాటు దారిని అరకు లోయకు వెళ్ళినాము. పగలంతయు పాటలు, థింసా నృత్యపు వాద్యములు రికార్డు చేసికొని, సాయంకాలము ఒక గ్రామములో పెంకుటింటి అరుగుపై కూర్చున్నాము. ఆ ఇంటి యజమాని కొండదొర తెగకు చెందిన వృద్ధుడు. మా మైకును చాలసేపు చూచి, దీనిలో పలికిన మాట ఎంతదూరము పోవునని అడిగినాడు. కొండలు దిగి విశాఖపట్నము దాటి పోవునని చెప్పినాము. అప్పుడాయన తన మేనల్లుని సంగతి చెప్పినాడు.

పశువులను తోలుకొని పోయిన ముగ్గురు పడుచువాండ్రు వానకు తడియకుండుటకై చెట్టుక్రింద నిలిచినారట. పిడుగు పడినది. ఇద్దరు కాలిన గాయములతో కేకలు వేయుచుండగా ఊరివారందరు పరుగెత్తి వారిని పట్టుకొన్నారు. మూడవవాడు కిమ్మనక పడియున్నాడు. వాడే ఈయన మేనల్లుడు. వాని పని అయిపోయినదని తలచి అందరికన్న కడపట వానిని డోలీలో వేసి రోడ్డుదాక మోసినారు. “ఒంటిమీద సిన్న గాయం నేదు బాబూ. నిద్దరోతున్నట్టే ఉన్నాడు. డాక్టరుబాబు ఒచ్చీలోగా మావేటి సెయ్యాలి? ఆ ముక్క రేడియోలో సెప్పండి,” అన్నాడు.

మేము పట్టభద్రులము. పుస్తకములు చదివినవారము. ఆ ప్రశ్నకు మావద్ద సమాధానము లేదు. పట్టణమునకు తిరిగివచ్చిన పిదప, వైద్యవిద్య చివరి సంవత్సరములోనున్న మా బంధువుల పిల్లవానిని అడిగినాము. గుండె ఆగినప్పుడు చేయవలసిన పనిని వరుస తప్పకుండ ఒప్పజెప్పినాడు. “నీవెప్పుడైన చేసితివా?” అని అడుగగా కొంచెము సిగ్గుపడి, “బొమ్మమీద ఒకసారి చూపించారండి. చేత్తో చేయలేదు,” అన్నాడు. ఈ రెండు సంభాషణల నడుమనున్న దూరమే నేటి మా ప్రసంగమునకు విషయము. ఆ దూరమునకు ఒక చరిత్ర ఉన్నది. అందులో ఒక ముఖ్యమైన అధ్యాయము మన తెలుగుగడ్డ మీదనే జరిగినది.

ఆగిన ఊపిరిని నిలబెట్టు విద్యను లోకములో మొదట చేతబట్టినవారు పడవవారు, గనికూలీలు, వారి నడుమ తిరిగిన ఊరి వైద్యులు. 1732లో స్కాట్లండులోని అలోవా అను ఊర, బొగ్గుగని పొగకు ప్రాణము పోయినట్లు పడియున్న ఒక కూలీ నోటిలోనికి విలియం టోసాక్ అను శస్త్రవైద్యుడు తన నోటితో గాలి ఊది బ్రతికించినాడు. 1740లో పారిస్ విజ్ఞానపరిషత్తు నీట మునిగినవారికి ఇదే పద్ధతిని సిఫారసు చేసినది. కాలువల నగరమైన ఆమ్‌స్టర్‌డామ్‌లో 1767లోను, లండనులో 1774లోను, మునిగినవారిని రక్షించుటకై ప్రత్యేకముగా సంఘములే ఏర్పడినవి. వారు చేసిన పనులన్నియు మెచ్చదగినవి కావు. పీపాపై దొర్లించుట, మలద్వారమున పొగాకు పొగను ఎక్కించుట కూడ వారి చికిత్సలలో ఉండెడివి. చదివి నవ్వుకొందుము గాని, మునిగినవానిని కాళ్ళుపట్టి గిరగిర త్రిప్పుట, పొట్ట నొక్కి నీరు కక్కించుట మన చెరువుగట్లపై నేటికిని చూచుచునే ఉన్నాము. అమూల్యమైన నిమిషములు ఆ నీటితోనే పోవుచున్నవి.

కాలక్రమమున నోటితో ఊదుట సభ్యతకు తగని పని అయినది. విడిచిన గాలి చెడుగాలి అను భావము కూడ దానికి తోడైనది. దాని స్థానమున రోగి చేతులను తలపైకెత్తి దించుట, బోర్లించి వీపు నొక్కుట వంటి పద్ధతులు వచ్చినవి. 1858 నాటి సిల్వెస్టర్ పద్ధతి, 1903 నాటి షేఫర్ పద్ధతి అట్టివే. ఇవన్నియు ఊపిరిని గురించినవి. గుండె సంగతి ఎవరికిని పట్టలేదు.

గుండె సంగతిని వైద్యుల ఎదుటికి తెచ్చినది క్లోరోఫారము. 1847లో అది శస్త్రచికిత్సకు మత్తుమందుగా వచ్చినది. మరుసటి యేడు జనవరిలోనే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయించుకొనుటకు మత్తు పీల్చి, నిమిషములలో ప్రాణము విడిచినది. అప్పటినుండి వాదము మొదలైనది. క్లోరోఫారము మొదట ఆపునది గుండెనా, ఊపిరినా? లండను వైద్యులు నాడిని పట్టి చూడుమన్నారు. ఎడింబరో వైద్యులు నాడి జోలికి పోక ఊపిరినే కనిపెట్టుమన్నారు.

ఈ తగవు తీర్చుటకు పూనుకొన్నది హైదరాబాదు. అక్కడ 1846లో స్థాపితమైన వైద్యపాఠశాల ఉన్నది. నేటి ఉస్మానియా వైద్యకళాశాలకు అదియే మూలము. దానికి అధిపతి, బ్రిటిషు రెసిడెన్సీకి శస్త్రవైద్యుడు ఎడ్వర్డు లారీ. ఎడింబరోలో సైమ్ వద్ద చదివినవాడు. గురువు మాటపై ఆయనకు గల విశ్వాసము మొండితనముగా మారినదనుట తప్పు కాదు. తన విద్యార్థులకు ఆయన నేర్పిన పాఠము ఒక్కటే: మత్తు ఇచ్చువాడు రోగి ఊపిరిని తప్ప మరి దేనిని చూడరాదు. ఆ పాఠశాలలో చదివి మత్తు ఇచ్చుటలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచములోనే తొలి మహిళా మత్తువైద్యురాలుగా పలువురు చరిత్రకారులు పేర్కొందురు.

1888లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ప్రభుత్వము మొదటి క్లోరోఫారము కమిషనును నియమించినది. గుండెకు భయము లేదు, ఆగునది ఊపిరియేనని అది తేల్చినది. లండనులోని ‘లాన్సెట్’ పత్రిక నమ్మలేదు. అయిన మీ మనిషినే పంపుడని నిజాము వేయి పౌనులు ఇచ్చినాడు. 1889లో ప్రసిద్ధ వైద్యశాస్త్రజ్ఞుడు లాడర్ బ్రంటన్ ఓడయెక్కి వచ్చినాడు. నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగములు జరిగినవి. అనుమానముతో వచ్చిన బ్రంటన్ సైతము లారీ పక్షమునకే మారినాడు. ఊపిరిని కనిపెట్టుచుండవలెను, అది ఆగినచో తక్షణమే కృత్రిమశ్వాస ఇయ్యవలెను అని రెండవ కమిషను చెప్పినది. ప్రపంచమందలి వైద్యులు హైదరాబాదు పేరు పెట్టుకొని వాదించుకొన్న రోజులవి.

ఆ తీర్పులో సగము తప్పు. 1911లో లండనులో గుడ్‌మన్ లీవీ అను పరిశోధకుడు, క్లోరోఫారము తక్కువ మోతాదులో ఉండగా గుండె హఠాత్తుగా కొట్టుకొనుట మాని వణకుట ఆరంభించి అక్కడికక్కడే నిలిచిపోవుట చూపినాడు. గుండె కండరము ఉండును, కదలిక ఉండును, కాని రక్తము ముందునకు సాగదు. లారీ ప్రయోగములలో ఇది కనబడకపోయినది. మరి ఆయన శిష్యులు వేలాది రోగులకు సుఖముగా మత్తు ఇచ్చుట ఎట్లు సాధ్యమైనది? వారి సిద్ధాంతము ఎట్టిదైనను అభ్యాసము గట్టిది. చూపు రోగి రొమ్మునుండి మరలదు, ఊపిరి తడబడిన క్షణముననే చేయి కదలును. వైద్యవిద్యార్థి తలలోని పాఠము వేరు, చేతిలోని పాఠము వేరు అని మాకు మొదట తోచినది ఈ కథ చదివినప్పుడే.

ఇక మరల తూర్పు కనుమలకు వత్తము. మాడుగుల కొండలలో పుట్టి ఒడిశా సరిహద్దున పారు మాచ్‌ఖండ్ నదిపై, డుడుమ జలపాతము వద్ద, 1955లో జలవిద్యుత్కేంద్రము పనిచేయనారంభించినది. కొండలమీదుగా ఇనుప స్తంభములు, తీగలు దిగివచ్చినవి. తరువాతి దశకమున కొత్తవలస నుండి కిరండూలు వరకు సొరంగములు త్రవ్వి రైలుమార్గము వేసినారు. ఏజన్సీ మనిషికి పాము, జ్వరము, వాగు, పిడుగు పాత శత్రువులు. విద్యుత్తు కొత్తగా వచ్చి చేరినది.

ఇచ్చట ఒక విశేషము. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలో 44వది ఏమనినదనగా, విద్యుత్ ఘాతము తగిలినవానిని తిరిగి తెప్పించు విధానమును ఇంగ్లీషులోగాని హిందీలోగాని, దానితోబాటు ఆ జిల్లా భాషలోను వ్రాసి, ప్రతి ఉత్పత్తికేంద్రములోను, సబ్‌స్టేషనులోను అందరికి కనబడునట్లు తగిలింపవలెను. అంతటితో ఆగక, అధికారమిచ్చి పనిలో పెట్టుకొన్నవారికి ఆ విధానము తెలిసియుండుట, దానిని చేయగల నేర్పు ఉండుట యజమాని బాధ్యత యనినది. అనగా తీగలెక్కు లైనుమనిషికి ఆగిన ఊపిరిని నిలబెట్టుట చట్టరీత్యా రావలెను. ఆ రోజులలో వైద్యవిద్యార్థికి ఇట్టి నిర్బంధము లేదు. విశాఖపట్నములో వైద్యకళాశాల 1923 నుండియే ఉన్నది. కొండమీది సబ్‌స్టేషను గోడ చెప్పిన పాఠమును మన వైద్యవిద్య పాఠ్యప్రణాళిక చెప్పుటకు ఇంకను అరువదియేండ్లు పైగా పట్టినది.

నేటి పద్ధతి పుట్టుటకు సైతము కారణము లైనుమనుషులే. అమెరికాలో తీగలు తగిలి పనివారు చనిపోవుచుండుటచే విద్యుత్ సంస్థలు ధనమిచ్చి పరిశోధనలు చేయించినవి. బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ సంస్థలో కౌవెన్‌హోవెన్ అను ఎలక్ట్రికల్ ఇంజనీరు వణకు గుండెకు రొమ్ముపైనుండియే విద్యుత్తునిచ్చి దారిలో పెట్టు యంత్రమును తయారుచేయుచుండెను. 1958లో ఆయన శిష్యుడు నికర్‌బాకర్ ఒక చిన్న సంగతి గమనించినాడు. బరువైన ఆ యంత్రపు పలకలను కుక్క రొమ్ముపై అదిమినప్పుడు, విద్యుత్తు ఇయ్యకముందే, రక్తపు ఒత్తిడి కొంచెము లేచుచున్నది. అనగా పైనుండి నొక్కుటచేతనే రక్తము కదలుచున్నది. శస్త్రవైద్యుడు జూడ్ వారితో చేరినాడు. 1960 జులైలో వెలువడిన వారి వ్యాసములో 20 మంది రోగుల వృత్తాంతమున్నది. అందు 14 మంది బ్రతికినారు. అంతకుముందు గుండె ఆగినచో రొమ్ము కోసి చేయి పెట్టి పిసుకుటయే మార్గము. ఇప్పుడు కత్తితో పనిలేదు. ఎవరి రెండు చేతులైనను చాలును.

అదే దశకమున పీటర్ సాఫర్, జేమ్స్ ఈలం అను మత్తువైద్యులు నోటితో ఊదు పాతపద్ధతిని తిరిగి నిలబెట్టినారు. మనము విడిచిన గాలిలో సైతము నూటికి 16 పాళ్ళ ప్రాణవాయువుండును. మరియొకని బ్రతికించుటకు అది చాలును. వీపు నొక్కు పద్ధతులు ఇందులో సగము పనికూడ చేయవని తేలినది. నొక్కుట, ఊదుట కలిసి సి.పి.ఆర్. అయినది. 1960లోనే నార్వేలో ఆటబొమ్మలు చేయు లేర్డాల్ అను వ్యాపారి, ఈ విద్య నేర్చుకొనుటకు మనిషంత బొమ్మను తయారుచేసినాడు. ఊది నొక్కి అభ్యాసము చేయుటకు అట్టి బొమ్మ తప్పనిసరి. మన కళాశాలలలో చాలకాలము కొరతపడినది ఆ బొమ్మయే. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు తిప్పు చేతులున్న జిల్లాకు ఇది తీరని కొరతగా ఉండుట మాకు వింతగా తోచినది.

కొరత ఎంతటిదో ఒక లెక్క ఉన్నది. 2010లో భారతీయ మత్తువైద్యుల పత్రికలో తమిళనాడునుండి ఒక పరిశీలన వెలువడినది. వైద్యవిద్యార్థులు, దంతవైద్య విద్యార్థులు, నర్సులు కానున్నవారు, వైద్యులు అందరును కలిసి 1,054 మందిని ప్రాణరక్షణలోని తొలిపాఠములపై ప్రశ్నించినారు. సంపూర్ణముగా తెలిసినవారు ఒక్కరును లేరు. నూటికి 80 మార్కులు దాటినవారు ఇద్దరు. సుమారు 85 శాతము మందికి సగము మార్కులైన రాలేదు. పిల్లలను నిందించుట సులభము. వారు పరీక్షకు వచ్చునది చదువుదురు. ఇది పరీక్షకు వచ్చెడిది కాదు. మత్తువైద్య విభాగములో గడుపు కొలది దినములలో ఎవరో చూపిన చూపు, చేయక వదలిన పని, నెలలు తిరుగకమునుపే మరపున పడును. ఒకసారి చేసి నేర్చినవారు సైతము ఆరు నెలలలో చాలవరకు మరతురని లోకమంతట తేలిన విషయము.

2019లో వైద్యవిద్యకు కొత్త ప్రణాళిక వచ్చినది. చేరిన తొలి నెలలోనే, శరీరనిర్మాణపు పుస్తకము తెరువకముందే, ప్రథమచికిత్సయు ప్రాణరక్షణయు నేర్పవలెనని అందున్నది. మంచి మాట. నేర్పునదెవరు, బొమ్మలెన్ని, ఏటేట తిరిగి చేయించుచున్నారా అన్నవి ప్రతి కళాశాల తన్ను తాను అడుగవలసిన ప్రశ్నలు.

కొండలలో ఈ ప్రశ్నల బరువు ఎక్కువ. గుండె ఆగిన నాలుగైదు నిమిషములలో మెదడు చెడనారంభించును. సాయమందని ప్రతి నిమిషమునకు బ్రతుకు ఆశ నూటికి ఏడునుండి పది పాళ్ళు తగ్గును. 108 వాహనములు 2005లో మన రాష్ట్రముననే మొదలై దేశమునకు ఆదర్శమైనవి. 2018లో దారి ఇరుకైన ఏజన్సీ గ్రామములకు మోటారుసైకిలు అంబులెన్సులను కూడ ప్రవేశపెట్టినారు. అయినను రోడ్డులేని ఊళ్ళనుండి డోలీలు దిగుట నేటికిని వార్తలలో చదువుచున్నాము. నాలుగు నిమిషముల పనికి గంటల దారి ఎట్లు సరిపడును? ఆ నాలుగు నిమిషములు ప్రక్కనున్నవానివే. లైనుమనిషి, ఆశా కార్యకర్త, ఆశ్రమపాఠశాల ఉపాధ్యాయుడు, జబ్బు చేసినప్పుడు ఊరు మొట్టమొదట పిలుచు దిసారి, వీరిలో ఎవరు దగ్గరనుందురో వారివి.

ఇచ్చట అబద్ధపు ఆశ పెట్టరాదు. ఆస్పత్రి వెలుపల గుండె ఆగినవారిలో, అన్ని వసతులు గల దేశములలోనే పదింట ఒకరు బ్రతుకుట కష్టము. వయసు మళ్ళి గుండెజబ్బుతో పడినవానికి, విద్యుత్ యంత్రము వేగముగా అందనిచో, చేతులు మాత్రమే చేయగలది కొద్ది. కాని వాగులో మునిగిన పిల్లవాడు, తీగ తగిలినవాడు, పిడుగు తగిలినవాడు అట్లుకాదు. వారి గుండె ఆరోగ్యమైనది. పిడుగు తగిలినప్పుడు గుండె ఒక్కక్షణము ఆగి, తరచు తనంతట తానే మరల కొట్టుకొనును. మెదడులోని శ్వాసకేంద్రము మాత్రము ఇంకను తేరుకొనదు. ఊపిరి అందనందున ఆ గుండె రెండవమారు ఆగును. ఆ రెంటి నడుమ ఎవరైన ఊదినచో ప్రాణము నిలుచును. అందువలన పలువురికి పిడుగు తగిలినచోట వైద్యులు పాటించు నియమము తక్కినచోట్ల పాటించుదానికి తలక్రిందులు. కేకలు వేయువాడు ఊపిరి ఉన్నవాడు, వాడు కొంచెము ఆగగలడు. కిమ్మనక పడియున్నవానివద్దకే మొదట పోవలెను. మా వృద్ధుని మేనల్లుడు మూడవవాడని, అందరికన్న కడపట వానిని ఎత్తినారని శ్రోతలు మరువలేదు గదా. అట్లు ఊదియుండిన తప్పక బ్రతికెడివాడని మేమనుట లేదు. అది ఎవరును చెప్పలేరు.

సామాన్యుల కొరకు 2017లో భారతీయ మత్తువైద్యుల సంఘమువారు, మన దేశపరిస్థితులు చూచి, ఊదుట వదలి నొక్కుట మాత్రమే గల తేలికపద్ధతిని రూపొందించినారు. పిలిచిన పలుకక, ఊపిరి లేక పడియున్నవానిని గట్టినేలపై వెల్లకిల పరుండబెట్టవలెను. ఒకరిని 108కి ఫోను చేయుమనవలెను. రొమ్ము నడుమ ఎముక క్రింది సగముపై ఒక అరచేతి మడమ, దానిపై రెండవ చేయి ఉంచి, మోచేతులు వంచక, రెండు అంగుళములు దిగునట్లు నిమిషమునకు 100 నుండి 120 మార్లు నొక్కవలెను. నొక్కిన ప్రతిసారి రొమ్మును పూర్తిగా పైకి లేవనియ్యవలెను. అలసినచో రెండు నిమిషములకొకరు మారవలెను. మనిషి కదలువరకో, సాయము వచ్చువరకో ఆపరాదు. నీట మునిగినవానికి, పిడుగు తగిలినవానికి, పసిపిల్లలకు నొక్కుట మాత్రమే చాలదు. ఊదుట తెలిసినవారు ముప్పది నొక్కులకు రెండు మార్లు ఊదవలెను. తీగ తగిలినవానిని ముట్టుకొనుటకు ముందు విద్యుత్తు ఆపవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. అయిన చెప్పుచున్నాము, ఏలనగా రక్షింపబోయి మరణించినవారిని మనము ఎరుగుదుము.

చదువు చాలనివారికి ఇది పట్టుబడునా అను సందేహము కొందరికున్నది. గోదావరికి ఆవలి ఒడ్డున గడ్చిరోలి జిల్లాలో, 1990 దశకమున డాక్టరు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు గ్రామస్త్రీలకు, పుట్టినవెంటనే ఏడువని శిశువునకు ఊపిరి పోయుట నేర్పినారు. ఊపిరాడక చనిపోవు శిశువుల సంఖ్య బాగుగ తగ్గినది. ఆ స్త్రీలు వైద్యకళాశాల మెట్లు ఎక్కినవారు కారు.

2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది. దాని కేంద్రమైన పాడేరులో 2024లో ప్రభుత్వ వైద్యకళాశాల తొలి తరగతులు మొదలైనవి. కొండల నడిబొడ్డున వైద్యవిద్యార్థులు చదువుట ఈ ప్రాంతపు చరిత్రలో ఇదే మొదలు.

ఈ ప్రసంగము వ్రాయుటకు ముందు మేము ఆ గ్రామమునకు మరియొకమారు వెళ్ళినాము. మా బంధువుల పిల్లవాడు కూడ వత్తునన్నాడు. ఈ నడుమ అతడు ఎక్కడనో బొమ్మ సంపాదించి పదిదినములు చేతితో చేసినాడట. బొమ్మను ఘాటు ఎక్కించుట కుదరలేదు. వృద్ధుడు లోపలికి పోయి చోళ్ళబస్తా ఒకటి ఈడ్చుకొనివచ్చి అరుగుపై పడవేసినాడు. పిల్లవాడు మోకాళ్ళపై కూర్చుండి నొక్కి చూపినాడు. ఊరి పడుచువాండ్రు ఒకరి తరువాత ఒకరు వచ్చి నొక్కినారు. కడపట వృద్ధుడు వచ్చి, తలపాగ విప్పి ప్రక్కనుంచి, చేతులమీద చేతులుంచి మొదలుపెట్టినాడు. ముప్పదివరకు లెక్కించి, ఆయాసపడుచు ఆగి, “ఇంతేనా బాబూ?” అని అడిగినాడు. “ఇంతే తాతా. ఆపకూడదు,” అన్నాడు పిల్లవాడు. ఆయన మరల వంగినాడు.